మామ లేవని కుర్చీ

మా ఇంటి ఓనరు చౌడమ్మ నోటికి జడిసి కాడుగోడి రైల్వే స్టేషన్ వెనక సందులో కుక్కలు కూడా దారి ఇస్తాయి. నేను మేడ మీది గదిలో అద్దెకు దిగిన రోజే నా మీద విరుచుకుపడింది.

"ఇది మగ్గం ఉండే ఇల్లు పాపా. అట్ల దబీమని తలుపేస్తే పోగులు తెగుతాయి."

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. "వేసింది నేను కాదు పెద్దమ్మా, గాలి. పోయి దాన్నడుగు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరు మీది?" అంది. కదిరి అన్నాను. "అదీ సంగతి! నోరు చూస్తానే అనుకుంటిని" అని నవ్వేసింది. ఆ సాయంత్రమే గిన్నె నిండా ఉగ్గాణి తెచ్చిచ్చి, నేను తినేదాకా గడపలో నిలబడి మా ఇంటి సంగతులన్నీ రాబట్టింది.

నా పేరు ఫర్హానా. బెళ్ళందూరులో ఒక ఆఫీసులో, మొరాయించిన కంప్యూటర్లను దారికి తెచ్చే పని నాది. దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటే మంచిది.

చౌడమ్మది హిందూపురం పక్క. తల్లి తమ్ముడు వెంకటగిరియప్పకే ఇచ్చి చేశారు. జీవితమంతా ఆయన్ను "మామా" అనే పిలిచింది. దేవాంగుల ఇల్లు, తరాల నుంచీ నేతే బతుకు. కాడుగోడి ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో వచ్చి, ముందు గదిలో నేల తవ్వి గుంటమగ్గం దించుకున్నారు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, మెట్రో వచ్చింది, ఆ గుంట మాత్రం అలాగే ఉంది. నూలు కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం, మామకు జ్వరం వస్తే ఇంట్లో కట్టుకునే నూలు చీరలు తానే కూర్చొని నేయడం అన్నీ ఆమెకు వచ్చు. ఒక్క కూతురు స్పందన. హొసకోటెలో కాపురం.

ఒకప్పుడు చీర డిజైను గళ్ళ కాగితం మీద గీసి, అట్టలకు బెజ్జాలు కొట్టించి మగ్గానికి ఎక్కించేవారట. తర్వాత ఆ అట్టల పని చేసే, కరెంటుతో నడిచే జాకార్డు పెట్టె వచ్చింది. డిజైను కంప్యూటర్‌లో గీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి దానికి అందించాలి. వెంకటగిరియప్ప జుట్టు నెరిశాక ఆ విద్య పట్టుబట్టి నేర్చుకున్నాడు. మగ్గం పక్కనే బల్ల, బల్ల మీద కంప్యూటరు, ముందు చక్రాలున్న ఆఫీసు కుర్చీ. ఇక పగలంతా దానిలోనే. చౌడమ్మ ఆ కంప్యూటర్ని "నా సవితి" అనేది.

"గీసేది గోరంత, చెరిపేది కొండంత. చెరిపి చెరిపి ఆ మీట మీద రాసిండేది కూడా పోయింది చూడు పాపా. నా ముఖం ఎప్పుడన్నా అంతసేపు చూసినాడా ఈ మనిషి?" అని ఆయన వినేటట్టుగానే నాతో అనేది.

ఆయన వెనక్కి తిరగకుండానే నాలుకతో "ట్చ్ ట్చ్ ట్చ్" అనేవాడు. ఎవరైనా బల్ల దగ్గరికి వచ్చినా అదే చప్పుడు. కొత్త డిజైను ఎవరి కంట్లో పడుతుందోనని ఆయనకు భయం. అందుకే డిజైనంతా ఒకేసారి మగ్గానికి ఇచ్చేవాడు కాదు. ఆ రోజు నేసే ముక్క వరకే ఇచ్చి, మిగతాది కంప్యూటర్‌లోనే దాచుకునేవాడు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం చౌడమ్మ కాఫీ తెచ్చి, తాగమని పిలిచింది. "ట్చ్" అన్న చప్పుడు కూడా రాలేదు. ఆయన ఆ కుర్చీలోనే తల వాల్చి ఉన్నాడు. చెయ్యి ఇంకా కీబోర్డు మీదే ఉంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సందు నిండా జనం. చౌడమ్మ ఏడవడం లేదు. "కాఫీ చల్లారిపోయింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటికి మగ్గం మీద అమ్మవారి చీర ఉంది. ఏటా పుష్య పున్నమికి ఆ ఇంటి నుంచి వాళ్ళ ఇలవేల్పు చౌడేశ్వరమ్మకు కొత్త డిజైను చీర పోవాలి. ఒళ్ళంతా నేయడం అయింది, కొంగు మిగిలింది. కొంగు డిజైను కంప్యూటర్‌లో ఉంది. అమ్మవారి చీరను సగంలో కోస్తే ఆ మగ్గం మళ్ళీ మోగదని వాళ్ళ ఇంటి నమ్మకం. స్పందన తల్లితో కచ్చితంగా చెప్పేసింది: పున్నమికి చీర పూర్తయితే సరే, లేకుంటే మగ్గం విప్పించి, అమ్మను హొసకోటెకు తీసుకుపోతుంది.

"హొసకోటెలో సుమ్నే కూర్చొని టీవీ చూసేదా నేను? మగ్గం పోతే నా చేతులు ఏం చేసేది పాపా?" అంది చౌడమ్మ నాతో. ఎప్పుడూ గట్టిగా మోగే గొంతు ఆ రోజు పీలగా వచ్చింది.

వాళ్ళ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. చీర సగంలో ఉండగా నేసేవాడు పోతే, మరొకరు ఊరికే ఆ చోట కూర్చోకూడదు. ఆకూ వక్కా పెట్టి, పోయినవాణ్ణి లేవమని అడగాలి. అప్పుడే చెయ్యి మారాలి. కర్మంతరం నాడు పెద్దవాళ్ళు గుర్తు చేస్తే చౌడమ్మ "అడుగుతాలే" అంది. అడగలేదు. సూతకం పోయింది, దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మగ్గానికీ, పోగు నడిపే నాడెకూ, కంప్యూటరుకూ గంధం, కుంకుమ పెట్టింది. కొన్నాళ్ళు పోయాక, ఆయన చేస్తుండగా చూసి చూసి వచ్చినంత మటుకు డిజైను తీసుకుందామని కంప్యూటర్ వేసింది.

అది ముందుకు పోలేదు.

ఆమె కేకకు నేను మెట్లు దిగి పరుగెత్తాను. మగ్గం గదికి కిటికీ లేదు. దాని మీదికి మేడ రాలేదు, పైకప్పులో ఒక గాజు పెంకు, అంతే వెలుతురు. తెర మీద నీలం పేజీ, తెల్ల అక్షరాలు. ఆ నీలం వెలుగు మగ్గం మీది సగం చీర మీద పడి, ఎర్ర పట్టు నల్లగా కనిపిస్తోంది. పెట్టెలోంచి చిన్నగా చప్పుడు వస్తోంది. ట్చ్ ట్చ్ ట్చ్.

"విన్యావా?" అంది చౌడమ్మ నా మోచెయ్యి పట్టుకొని. "ఆడనే ఉండాడు. ఎవర్నీ కూర్చోనీడు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాట ఆమెతో అనలేదనుకోండి. "అది పెట్టెలో ఉండే స్పీకరు పెద్దమ్మా, ఏదో ఎర్రర్ చెబుతోంది" అన్నాను.

కంప్యూటరు లేచేటప్పుడు, లోపలి అమరికలు సరిచూసుకోవడానికి ఒక పేజీ ఉంటుంది. గడియారం, డిస్కు, ఏది ముందు మొదలవ్వాలి, అవన్నీ అందులో ఉంటాయి. మామూలుగా మనం అడిగితే తప్ప అది కనబడదు. ఇది మాత్రం ఎవరూ అడగకుండానే ఆ పేజీలోకి వచ్చి ఆగిపోతోంది. బయటకు పొమ్మంటే పోతుంది, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. డిస్కు పేరు అందులో శుభ్రంగా కనిపిస్తూనే ఉంది. అంటే కొంగు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. దాని దగ్గరికి దారే లేదు. డిస్కు ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించినా లాభం లేదు, ఆ డిజైన్ల ప్రోగ్రాం ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. పైగా చీర మగ్గం మీద ఉండగా మగ్గానికి సంబంధించినది ఏదీ గడప దాటకూడదని చౌడమ్మ ఒట్టు పెట్టింది.

నేను పెట్టె విప్పకముందే మార్కెట్‌లో కంప్యూటర్లు బాగుచేసే హేమంత్‌కుమార్‌ను పిలిపించింది. అతను పెట్టె విప్పి, దుమ్ము ఊది, సగంలో లేచి నిలబడ్డాడట. "ఇక్కడ ఊదుబత్తి వెలిగించారా?" అని అడిగాడట. లేదంటే, "మరి గంధం వాసన ఎక్కడిది?" అన్నాడట. మదర్‌బోర్డు పోయిందని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

ఆ వాసన నిజమే. కంప్యూటర్ వేసి కాసేపయితే చాలు, గంధం వాసన సన్నగా ముఖానికి తగిలేది. వెంకటగిరియప్ప రోజూ స్నానం చేసి నుదుటికి గంధం రాసుకొనే బల్ల దగ్గరికి వచ్చేవాడు.

ఆదివారాలు మధ్యాహ్నం పూట నేను ఆ పెట్టెతో కుస్తీ పట్టాను. ఆ కుర్చీలో కాదు. దాన్ని చౌడమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, దాని మెత్తలో ఆయన కూర్చున్న గుంట ఇంకా అలాగే ఉంది. నేను పక్కన స్టూలు వేసుకొని, మెడ వంకర పెట్టుకొని పనిచేసేదాన్ని. బిళ్ళ బ్యాటరీ మార్చాను. ర్యాం తీసి తుడిచి పెట్టాను. వైర్లు మార్చాను. సెట్టింగులన్నీ కొత్తదానిలా చేశాను. ప్రతిసారీ ట్చ్ ట్చ్ ట్చ్, ప్రతిసారీ నీలం పేజీ. నా వెనక మగ్గం నుంచి వేలాడే దారాలు ఫ్యాను గాలికి కదులుతుంటే, ఎవరో నా భుజం మీదుగా తెర చూస్తున్నట్టు ఉండేది. వెనక్కి తిరిగి చూడకూడదని ఎంత గట్టిగా అనుకున్నా తిరిగేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. ఆఫీసులో రోజుకు ఎన్నో కంప్యూటర్లను లేపుతాను, ఇదొక్కటి నన్ను ఏడిపిస్తోందని ఒళ్ళు మండిపోయేది.

కీబోర్డు నిండా పూజ మరకలే. ఒకసారి తడిబట్టతో తుడవబోతే చౌడమ్మ గయ్యిమంది. "అమ్మోరి గంధం పాపా అది! తుడిచేది కాదు!" సరే, వాళ్ళ దేవుడు, వాళ్ళ గంధం, మనకెందుకని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒకరోజు విసుగెత్తి అడిగేశాను. "పెద్దమ్మా, నీకు ఆయనే ఆపుతున్నాడని అంత నమ్మకమైతే, మీ ఆచారం ప్రకారం లేవమని అడిగేయొచ్చు కదా. ఆకూ వక్కా ఎంతసేపు?"

ఆమె చేతిలోని కండెను తిప్పుతూ కూర్చుంది.

"అడిగితే లేస్తాడు కదా పాపా" అంది చివరికి. "లేచినోడు మళ్ళీ యాడ కూర్చుంటాడు? ఇప్పుడైతే ఈడ ఉండాడు. తిడతాండాడు, చప్పుడు చేస్తాండాడు. ఉండాడు కదా."

పైకి వెళ్ళి దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను.

పుష్యం వచ్చేసింది. పున్నమి దగ్గర పడింది. స్పందన రోజూ ఫోన్ చేసి, మగ్గం విప్పేవాళ్ళతో మాట్లాడానని చెబుతోంది. ఆ శుక్రవారం ఆఫీసు దారిలో రోడ్డంతా తవ్వి పెట్టారని ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. పొద్దున్నే మంచు. గాజు పెంకులోంచి బూడిద రంగు వెలుతురు తప్ప ఇంకేమీ రావడం లేదు. ఆఖరి ప్రయత్నంగా కంప్యూటర్ వేసి స్టూలు మీద కూర్చున్నాను. నీలం పేజీ వచ్చింది. చప్పుడు మొదలైంది.

చౌడమ్మ తలంటుకొని, తడి జుట్టు ముడేసుకొని గంధం గిన్నెతో వచ్చింది. మగ్గానికి బొట్టు పెట్టింది. నాడెకు పెట్టింది. నన్ను దాటుకొని వంగి, ఉంగరం వేలితో ఇంత గంధం తీసి, కీబోర్డులో కుడి చేతి వైపు ఒకే ఒక్క కీ మీద పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. వేలు దాని మీద ఆనించి, కళ్ళు మూసుకొని, అలాగే నొక్కి పట్టుకొని నిలబడింది.

గంధం వాసన గుప్పుమంది.

"పెద్దమ్మా" అన్నాను. "ఆ ఒక్కదానికే ఎందుకు పెడతావు?"

"మామ వేలు ఎక్కువగా ఆనింది ఈడనే కదా. అరిగిపోయి ఉండాది చూడు. ఆయన పాదాలకు పెట్టినట్ల పెడతాండా, ప్రతి శుక్రవారం."

నేను వంగి చూశాను. దసరా నుంచి పాత గంధం మీద కొత్త గంధం, వారం వారం పడి, కారి, ఎండి, గోడకు సిమెంటు పూసినట్టు ఆ కీ చుట్టూ గట్టిపడింది. పక్క కీలకంటే అది కిందికి దిగిపోయి ఉంది. గోటితో పైకి లాగితే రాలేదు. అది డిలీట్ కీ. చెరిపే కీ. ఆ కంప్యూటరు లేచేటప్పుడు డిలీట్ కీ నొక్కి పట్టుకుంటే నేరుగా ఆ నీలం పేజీలోకే పోతుంది. కీ నొక్కుకుపోయి ఉంటే పెట్టె ఆగకుండా చప్పుడు చేస్తుంది. పెట్టె లోపలంతా వెతికాను, నా ముక్కు కిందనే ఉన్నదాన్ని చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకొని సంతంతా వెతికినట్టయింది నా పని.

నవ్వు రావాలి. రాలేదు. ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. ఈ కంప్యూటరు ఆ పేజీ దాటి పోయి ఉంటే? చౌడమ్మ కొంగు డిజైను తెరిచి, తెలియక ఆ బొమ్మ మీద ఎక్కడో నొక్కి ఉంటే, నొక్కుకుపోయిన ఆ కీ ఆయన గీసిందంతా చెరిపేసేది. ఇన్నాళ్ళూ ముందుకు పోకపోవడం వల్లే ఆ కొంగు మిగిలింది.

ఆమెకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. తప్పు నీదే అన్నట్టు ఉండకూడదు, కానీ సంగతి అదే. నిదానంగా, కీ చూపిస్తూ, ఒక్కో మాటా చెప్పాను. ఎవరో ఒకరు ఆ కీ వదలకుండా పట్టుకున్నట్టు కంప్యూటర్ అనుకుంటోంది, అందుకే అది కదలడం లేదు అన్నాను.

చౌడమ్మ తన ఉంగరం వేలి వైపు చూసుకుంది. వేలి కొనకు ఇంకా తడి గంధం ఉంది.

"అంటే..." అంది. "పట్టుకొని కూర్చునింది మామ కాదా? నేనా?"

నేను తల ఊపాను. భర్త పోయిన రోజు కూడా ఏడవని మనిషి మగ్గం గుంట అంచున కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. తెర మీద నీలం పేజీ అలాగే ఉంది. ట్చ్ ట్చ్ ట్చ్ అంటూనే ఉంది.

చాలాసేపటికి ఆమె లేచి ముఖం కడుక్కొని వచ్చింది. తమలపాకులు, వక్కలు, ఒక నిమ్మకాయ తెచ్చి కుర్చీ ముందు నేల మీద పెట్టింది. తను కట్టుకున్న చీర కొంగు తడిపి, ఆ కీ చుట్టూ ఉన్న గంధాన్ని కొంచెం కొంచెంగా నానబెట్టి తుడిచింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. చివరికి కీ టక్కుమని పైకి లేచింది. చప్పుడు ఆగిపోయింది. అన్నాళ్ళూ ఆ చప్పుడు ఎంత నిండి ఉందో, అది ఆగాక గానీ నాకు తెలియలేదు.

చౌడమ్మ కుర్చీ వైపు తిరిగి నిలబడింది. చేతులు జోడించలేదు. రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"మామా, చానాసేపు కూర్చుంటివి. నడుము నొప్పి పుట్టింటాది. ఇంక లెయ్యి. నేను కూర్చుంటా."

కుర్చీ వెనక్కి జరిగింది. ఎక్కువ కాదు, మనిషి బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడు ఎంత జరుగుతుందో అంత. చక్రాలు కిర్రుమన్నాయి. నేను స్టూలు మీద బిగుసుకుపోయాను. చౌడమ్మ ఏమీ ఎరగనట్టు ఆకూ వక్కా పక్కకు తీసి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన గుంటలో ఆమె సరిగ్గా పట్టింది.

"ఇప్పుడు వెయ్యి పాపా."

ఆపి మళ్ళీ వేశాను. నీలం పేజీ రాలేదు. ఆయన పెట్టుకున్న అమ్మవారి బొమ్మ తెర నిండా వచ్చింది. కొంగు డిజైను తెరిచాను. మొత్తం గీసి ఉంది, చివరి గడి దాకా.

నేల వాలుగా ఉందేమో, అందుకే కుర్చీ జరిగిందేమో అనుకున్నాను. చౌడమ్మ వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఆ నిమ్మకాయ తీసి, కుర్చీ ఉన్న చోట పెట్టి వదిలాను. అది కదల్లేదు. మళ్ళీ పెట్టి చూసే ధైర్యం నాకు లేకపోయింది. దయ్యాలను నేను నమ్మననే ఇప్పటికీ చెబుతాను. కాకపోతే కొంచెం మెల్లగా చెబుతాను.

ఆ మధ్యాహ్నమే మగ్గం మోగింది. ఆఫీసు కాల్‌లో అవతలివాళ్ళు "ఆ చప్పుడేమిటి?" అని అడిగితే, "మా ఓనరమ్మ" అన్నాను. పున్నమి ముందు రోజు చీర మగ్గం దిగింది. స్పందన వచ్చి చూసి, మగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు. తల్లి చేతులు పట్టుకొని ఊరుకుంది.

చీర మడత పెట్టే ముందు చౌడమ్మ నన్ను పిలిచింది. వెలుతురుకు ఎత్తి పట్టి, ఒళ్ళు అయిపోయి కొంగు మొదలయ్యే చోట అడ్డంగా సన్నటి గీత చూపించింది. నేతలో చెయ్యి మారితే అక్కడ గీత పడుతుంది. పోగును బిగించేటప్పుడు ఒక్కొక్కరి దెబ్బ బరువు ఒక్కో రకం. మంచి నేతగాళ్ళు దాన్ని దాచడానికి నానా తంటాలు పడతారట.

"దాచేదానికి రాలేదా పెద్దమ్మా?" అన్నాను.

"వస్తాది. ఎందుకు రాదు?" అంది. గీత మీద వేలు పెట్టి, మెల్లగా ఇటు నుంచి అటు దాకా తడిమింది. ఆ వేలికి గంధం లేదు.

"ఈడి దాకా మామ. ఈడి నుంచి నేను. అమ్మోరికి తెలియాల గదా."